నలభై ఒకటో ప్రశ్న: డేటా చట్టాలు, దేశాల మధ్య వ్యాపారం

(నల్గొండలో డిగ్రీ విద్యార్థులు, చేనేత కుటుంబాలు, చిన్న వ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, సహ అధ్యాపకులకు, విద్యార్థులకు, పుట్టపాక, గట్టుప్పల, పోచంపల్లి నుంచి పని మానుకుని వచ్చిన చేనేత కుటుంబాల వారికి నమస్కారం.

నాకు ఇచ్చిన అంశం దేశాల మధ్య సాగే డిజిటల్ వాణిజ్యం మీద డేటా చట్టాల ప్రభావం. ఇది ఢిల్లీలోనో జెనీవాలోనో మాట్లాడుకోవలసిన సంగతి అని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకు మాత్రం ఇది మన ఊళ్లోనే, క్లాక్ టవర్‌కు దగ్గరలో ఒక బట్టల దుకాణం మీద ఉన్న అద్దె గదిలో అర్థమైంది. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి, దేవరకొండ వైపు తండా నుంచి వచ్చి బీకాం పూర్తి చేసిన అమ్మాయి, అక్కడ పద్నాలుగు మందితో చిన్న ఆఫీసు నడుపుతున్నది. యంత్రాల విడిభాగాలు అమ్మే ఒక జర్మన్ కంపెనీకి బిల్లుల పని, ఖాతాదారుల ఫిర్యాదులకు జవాబులు రాసే పని దొరికే అవకాశం వచ్చింది. ధర కుదిరింది, నమూనా పని చేసి చూపించారు, వాళ్లకు నచ్చింది. సంతకాల ముందు అటు నుంచి ఒక ప్రశ్నావళి వచ్చింది. అందులో అరవై రెండు ప్రశ్నలున్నాయి. ఆ అమ్మాయి కాగితాలన్నీ అచ్చు తీసుకుని నా దగ్గరికి వచ్చి, "సార్, నలభై దాకా మేమే రాసుకున్నాం, నలభై ఒకటో ప్రశ్నకు ఏం రాయాలో తెలుస్తలేదు" అన్నది.

మొదటి నలభై ప్రశ్నలు ఎవరైనా ఊహించగలిగినవే. గదికి తాళం ఎవరి దగ్గర ఉంటుంది, లాగిన్ ఒక్కొక్కరికి వేరువేరుగా ఉందా, పని చేసే బల్ల దగ్గరికి ఫోను తీసుకుపోనిస్తారా, మానేసి పోయిన ఉద్యోగి పాస్‌వర్డు ఎన్ని గంటల్లో రద్దు చేస్తారు, ఇట్లాంటివి. నలభై ఒకటోది ఆఫీసు గురించి కాదు, దేశం గురించి. మీ దేశంలో ప్రభుత్వ సంస్థలు ఏ చట్టం కింద మీ దగ్గరున్న మా ఖాతాదారుల డేటాను అడగగలవు, అడిగితే ఆ సంగతి మాకు తెలియజేసే స్వేచ్ఛ మీకు ఉంటుందా, మా ఖాతాదారుడు మీ దేశంలో ఏ న్యాయస్థానానికి వెళ్లి మొర పెట్టుకోగలడు అన్నది ఆ ప్రశ్న సారం. ఇరవై ఆరేళ్ల అమ్మాయి, నెలకు అద్దె, కరెంటు బిల్లు, జీతాలు చూసుకునే అమ్మాయి, భారత రాజ్యం తరఫున జవాబు రాయవలసి వచ్చింది. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టే తిరుగుతుంది.

ముందు ఒక మాట స్పష్టం చేసుకుందాం. డిజిటల్ వాణిజ్యం అంటే ఆన్‌లైన్‌లో సరుకు కొనడం ఒక్కటే కాదు. మన దేశం 2023-24లో చేసిన సేవల ఎగుమతి విలువ సుమారు 34,100 కోట్ల డాలర్లు. అందులో పెద్ద భాగం సాఫ్ట్‌వేరు, దాని అనుబంధ సేవలది. సాఫ్ట్‌వేరు ఎగుమతుల్లో సగానికి పైగా అమెరికాకు పోతుంది, రెండో స్థానం ఐరోపాది. ఈ ఎగుమతికి ఓడ లేదు, రేవు లేదు. ఇక్కడి తెర మీద అక్కడి మనిషి పేరు, చిరునామా, జబ్బు, జీతం, బాకీ కనబడితేనే పని జరుగుతుంది. కనబడవద్దని అక్కడి చట్టం అంటే ఆ పని లేదు. పూర్వం ఒక దేశం ఇంకొక దేశపు సరుకును ఆపాలంటే సుంకం వేసేది. డేటా మీద ఆధారపడిన పనికి అట్లాంటి సుంకం లేదు. 1998లో ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్య దేశాలు ఎలక్ట్రానిక్ ప్రసారాల మీద సుంకం వేయబోమని ఒప్పుకుని, ఆ మాటను 2024 అబుదాబి సమావేశం దాకా పొడిగించుకుంటూ వచ్చాయి. సుంకం లేని చోట అడ్డుగా నిలిచేది నియమమే, అందుకే డేటా చట్టం ఇవాళ వాణిజ్య చట్టం కూడా అయింది.

ఐరోపా చట్టం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తక్కిన దేశాలు చాలావరకు దాన్ని చూసే తమ చట్టాలు రాసుకున్నాయి. జీడీపీఆర్ అని పిలిచే ఆ చట్టం 2018 మే 25 నుంచి అమలులో ఉంది. తీవ్రమైన ఉల్లంఘనకు జరిమానా 2 కోట్ల యూరోల దాకా, లేదా ఆ కంపెనీ ప్రపంచవ్యాప్త వార్షిక టర్నోవరులో 4 శాతం దాకా, రెంటిలో ఏది ఎక్కువైతే అంత వేయవచ్చు. ఐరోపా వాసుల డేటా బయటి దేశానికి పోవాలంటే ఆ చట్టంలో ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి, ఆ దేశంలో తగినంత రక్షణ ఉన్నదని ఐరోపా కమిషన్ స్వయంగా తేల్చడం. అట్లా తేల్చిన దేశానికి డేటా పోవడం ఐరోపా లోపల ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయినంత సులువు. జపాన్, దక్షిణ కొరియా, న్యూజీలాండ్, ఉరుగ్వే, అర్జెంటీనా వంటివి ఆ జాబితాలో ఉన్నాయి, భారతదేశం లేదు. రెండో దారి, జాబితాలో లేని దేశపు కంపెనీతో కమిషన్ ముందే రాసి పెట్టిన షరతుల మీద ఒప్పందం చేసుకోవడం. ఆ షరతుల కొత్త పాఠం 2021 జూన్‌లో వచ్చింది. మన అమ్మాయికి వచ్చిన ప్రశ్నావళి ఈ రెండో దారిలో ఎదురయ్యే తనిఖీ.

నలభై ఒకటో ప్రశ్న ఆ తనిఖీలోకి ఎట్లా వచ్చిందో చెబుతాను. విద్యార్థులు ముఖ్యంగా వినాలి, ఎందుకంటే దీనికి కారణం ఒక విద్యార్థి. ఆస్ట్రియాలో న్యాయశాస్త్రం చదువుకుంటున్న మాక్స్ ష్రెమ్స్ అనే యువకుడు, అమెరికా నిఘా సంస్థల పనిని, అక్కడే పని చేసిన స్నోడెన్ అనే ఉద్యోగి బయటపెట్టిన 2013లో, ఫేస్‌బుక్ తన డేటాను అమెరికాకు పంపడం మీద ఐర్లండ్‌లోని నియంత్రణాధికారికి ఫిర్యాదు చేశాడు. అది ఐరోపా న్యాయస్థానం దాకా పోయింది. అమెరికాకు డేటా పంపడానికి 2000 సంవత్సరం నుంచి ఉన్న ఏర్పాటును 2015 అక్టోబరు 6న ఆ న్యాయస్థానం కొట్టివేసింది. దాని స్థానంలో వచ్చిన రెండో ఏర్పాటును కూడా, 5,000కు పైగా కంపెనీలు దాని మీద ఆధారపడి వ్యాపారం చేస్తుండగా, 2020 జూలై 16న కొట్టివేసింది. కంపెనీలు డేటాకు కాపలా సరిగ్గా పెట్టలేదన్నది న్యాయస్థానం అభ్యంతరం కాదు. ప్రభుత్వం ఆ డేటాలోకి హద్దు లేకుండా చూడగలుగుతున్నది, చూస్తే ఐరోపా వాసి మొర పెట్టుకునే చోటు లేదు, ఇదీ అభ్యంతరం. షరతుల ఒప్పందాలు మాత్రం చెల్లుతాయి గాని, డేటా పంపేవాడు అవతలి దేశపు ప్రభుత్వ అధికారాలను ముందే పరిశీలించుకోవాలని అదే తీర్పు చెప్పింది. అమెరికా తన నిఘా నియమాలను మార్చుకుంటూ కొత్త ఆదేశం ఇచ్చాక గాని 2023 జూలైలో మూడో ఏర్పాటు రాలేదు. ఈ మధ్యలో, 2023 మేలో, డేటా బదిలీల విషయంలోనే ఫేస్‌బుక్ యజమాని మెటా కంపెనీకి 120 కోట్ల యూరోల జరిమానా పడింది.

అంతటి అమెరికాకే తప్పని తనిఖీ మనకు తప్పుతుందా? ఇక నలభై ఒకటో ప్రశ్నకు నిజాయితీగా జవాబు రాయడానికి మేం కూర్చున్నాం. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 69వ సెక్షన్ కింద కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఏ కంప్యూటరులోని సమాచారాన్నయినా చూడడానికి, తాళం విప్పించడానికి ఆదేశించవచ్చు. ఆదేశం ఇచ్చే అధికారి హోం కార్యదర్శి, న్యాయమూర్తి కాదు. ఆ ఆదేశాలను గోప్యంగా ఉంచాలని 2009 నిబంధనలు చెబుతున్నాయి. అంటే, ఆదేశం వస్తే మీకు చెబుతామని జర్మన్ కంపెనీకి మాట ఇవ్వడానికి వీలు లేదు. ఆపైన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023. ఆ చట్టం 17వ సెక్షన్‌లో, దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాల మీద కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు చట్టమే వర్తించదని ఉంది. చట్టాన్ని అమలు చేయవలసిన డేటా పరిరక్షణ బోర్డు సభ్యులను నియమించేది కూడా కేంద్రమే. ఇవన్నీ ఒక కాగితం మీద వరుసగా రాసి చూసుకున్నాక ఆ అమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఇవి రాస్తే పని ఇస్తరా సార్?" అని అడిగింది. ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను.

ఇందులోనే ఇంకొక చిక్కు ఉంది. మన పార్లమెంటు ఎగుమతి వ్యాపారానికి మేలు చేయాలన్న ఉద్దేశంతో అదే 17వ సెక్షన్‌లో ఒక వెసులుబాటు పెట్టింది. విదేశీ కంపెనీతో ఒప్పందం ప్రకారం, భారతదేశంలో లేని మనుషుల డేటాతో ఇక్కడ పని చేస్తే, చట్టంలోని చాలా బాధ్యతల నుంచి మినహాయింపు ఉంటుంది. డేటాను భద్రంగా కాపాడే బాధ్యత మాత్రం ఉంటుంది. పని తీసుకునే ఆఫీసుకు ఇది కొంత బరువు తగ్గిస్తుంది, నిజమే. కానీ పని ఇచ్చే జర్మన్ కంపెనీ వైపు నుంచి చూడండి. తన ఖాతాదారుడి డేటా ఇండియాకు చేరితే, అది నాది, నాకు చూపించండి, తప్పుంటే దిద్దండి అని అడిగే హక్కు ఇండియా చట్టంలో అతనికి దొరకదు. మనం సౌకర్యం అనుకుని పెట్టింది అవతలివాడికి లోటుగా కనబడుతున్నది. 2007లో మొదలై 2013లో ఆగిపోయిన ఐరోపా వాణిజ్య చర్చలలో మనం డేటా భద్రత ఉన్న దేశంగా గుర్తించమని కోరాం, వాళ్లు ఒప్పుకోలేదు. అప్పటికి మనకు ఇట్లాంటి చట్టమే లేదు. ఇప్పుడు చట్టం ఉంది గాని, అందులోని మినహాయింపులే మనకు అడ్డుగా నిలుస్తాయని నా అభిప్రాయం.

జపాన్ ఏం చేసిందో చూద్దాం. ఐరోపాతో జపాన్ వాణిజ్య ఒప్పందం 2019 ఫిబ్రవరి 1న అమలులోకి వచ్చింది. దానికి తొమ్మిది రోజుల ముందు, జనవరి 23న, జపాన్‌కు తగినంత రక్షణ ఉన్నదన్న నిర్ణయం వెలువడింది. అందుకోసం జపాన్ ఐరోపా నుంచి వచ్చే డేటాకు అదనపు నియమాలు పెట్టుకున్నది, పోలీసులు, భద్రతా సంస్థలు ఆ డేటాను ఎంతవరకు చూడవచ్చో రాతపూర్వకంగా హామీ ఇచ్చింది, ఐరోపా వాసులు ఫిర్యాదు చేసుకునే ఏర్పాటు చేసింది. ఇది జపాన్‌లోని పెద్ద కంపెనీల కంటే చిన్న కంపెనీలకు ఎక్కువ మేలు. పెద్ద కంపెనీకి న్యాయవాదులుంటారు, ఐరోపాలోనే సర్వర్లు పెట్టుకోగలదు. పద్నాలుగు మంది ఆఫీసుకు ఆ అరవై రెండు ప్రశ్నలు రాయడానికే పదకొండు రోజులు పట్టింది.

డేటా అక్కడే ఉంచి, ఇక్కడ తెర మీద చూసి పని చేస్తే సరిపోదా అని మీకు సందేహం రావచ్చు, నాకూ వచ్చింది. ఐరోపా నియంత్రణాధికారుల మండలి దృష్టిలో సర్వర్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్నా, నల్గొండలో కూర్చున్న మనిషి దాన్ని తెరిచి చూస్తే అది బదిలీయే.

పుట్టపాక, పోచంపల్లి వారికి వచ్చే సమస్య దీనికి కొంచెం వేరు. పుట్టపాక తేలియా రుమాల్‌కు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పోచంపల్లి ఇక్కత్‌కు అంతకు చాలా ముందే వచ్చింది. ఒక ఇంట్లో నూలుకు రబ్బరు చుట్లు కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, వారాల తరబడి చేసిన చీర ఫొటో ఫోనులో పెడితే బెర్లిన్‌లో ఉన్న ఒకామె చూసి కావాలన్నది అనుకుందాం. ఆమె పేరు, ఇంటి నెంబరు, ఫోను నెంబరు మీ వాట్సాప్‌లోకి వస్తాయి. మీ అబ్బాయి వాటిని నోటు పుస్తకంలో రాస్తాడు, పార్సిల్ మీద రాస్తాడు, కొరియర్ దుకాణంలో ఇస్తాడు. ఒకరిద్దరు వాళ్లంతట వాళ్లే అడిగి కొనుక్కుంటే మీరు ఐరోపా చట్టం గురించి భయపడనక్కరలేదు. కానీ మీరు వెబ్‌సైటు పెట్టి, ధరలు యూరోలలో చూపి, జర్మన్ భాషలో వివరాలు రాసి, అక్కడివారికి అమ్మడమే పనిగా పెట్టుకుంటే, మీ మగ్గం ఇక్కడే ఉన్నా ఆ చట్టం మీకు వర్తిస్తుంది. ఎప్పుడో ఒకసారి అమ్మేవారికి మినహాయింపు ఉంది గాని, నిలకడగా అమ్మేవారు ఐరోపాలో తమ తరఫున ఒక ప్రతినిధిని పెట్టుకోవాలి. ఏడాదికి నలభై చీరలు అమ్మే ఇల్లు ప్రతినిధికి జీతం ఎక్కడి నుంచి తెస్తుంది? అందుకే చాలామంది పెద్ద అమ్మకపు వేదికల చేతిలోకి పోతారు. వేదిక తన కమీషను తీసుకుంటుంది, కొన్నామె ఎవరో మీకు తెలియనివ్వదు. రేపు కొత్త డిజైను నేసినప్పుడు ఆమెకు ఒక ఫొటో పంపే దారి కూడా మీకు ఉండదు. మనుషుల గోప్యతను కాపాడడానికి పుట్టిన చట్టం నేసేవారికీ కొనేవారికీ మధ్య ఇంకొక దళారిని బలపరుస్తున్నదంటే, అది ఆ చట్టం ఉద్దేశం కాదని తెలిసినా, నాకు బాధగానే ఉంటుంది.

చిన్నవారికి వెసులుబాటు ఇవ్వడం సాధ్యం కాదనడానికి వీలు లేదు. డేటా సరిహద్దుల విషయంలో ఎంతో కఠినంగా ఉండే చైనాయే ఆ పని చేసింది. 2021 నవంబరు 1న అమలులోకి వచ్చిన చట్టంతో ఆ దేశం డేటా బయటికి పోవడానికి గట్టి తనిఖీలు పెట్టింది, వ్యాపారాలు ఇబ్బంది పడ్డాయి, చివరకు 2024 మార్చిలో సడలించింది. సరిహద్దు దాటిన కొనుగోళ్లు, పార్సిళ్ల వంటి వాటికి అవసరమైన డేటాకూ, ఏడాదిలో లక్ష మంది లోపు వ్యక్తుల సాధారణ డేటా పంపేవారికీ ఆ తనిఖీలు అక్కరలేదన్నది.

ఇక మన దేశం తన డేటాను ఇక్కడే ఉంచమని అడిగిన సందర్భం. రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్ 6న ఒక ఉత్తర్వు ఇచ్చింది. చెల్లింపుల డేటా మొత్తం భారతదేశంలోనే భద్రపరచాలి, ఆరు నెలల్లో అమలు చేయాలి. విదేశంలో ప్రాసెస్ చేసినా 24 గంటల్లోగా అక్కడ తుడిచేసి ఇక్కడికి తేవాలని మరుసటి ఏడాది వివరణ ఇచ్చింది. పాటించలేదన్న కారణంతో 2021లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్, డైనర్స్ క్లబ్, మాస్టర్‌కార్డ్ కంపెనీలు కొత్త ఖాతాదారులను చేర్చుకోకుండా ఆపింది, పాటించిన తరువాత ఆంక్షలు తీసేసింది. ప్రజల డబ్బు లెక్కలు చూసే అధికారం మన నియంత్రణ సంస్థకు ఎప్పుడు కావాలంటే అప్పుడు ఉండాలి గనుక ఈ ఉత్తర్వు సరైనదే అని నేను అనుకుంటాను. అయితే ఇదే సూత్రాన్ని అన్ని రకాల డేటాకూ వర్తింపజేయాలన్న వాదన మన దగ్గర బలంగా ఉండేది. జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో ఇచ్చిన ముసాయిదాలో వ్యక్తిగత డేటా నకలు కనీసం ఒకటి దేశంలో ఉంచాలన్న నియమం ఉంది. 2023 చట్టానికి వచ్చేసరికి అది పోయి, 16వ సెక్షన్ ప్రకారం కేంద్రం వద్దని చెప్పిన దేశాలకు తప్ప ఎక్కడికైనా పంపవచ్చు అన్న పద్ధతి వచ్చింది. ఎగుమతుల మీద బతికే దేశానికి ఇదే మంచిదని నా నమ్మకం. మన గోడ ఎత్తు పెంచితే అవతలివాడూ పెంచుతాడు, అప్పుడు వాడి డేటాతో పని చేసే మన పిల్లలకే నష్టం.

డేటా ఇక్కడ ఉంటే ఉద్యోగాలు వస్తాయి గదా అని పాలమూరు మిత్రులు అడుగుతుంటారు. షాద్‌నగర్ చుట్టుపక్కల, పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండిన మేకగూడ వంటి ఊళ్ల దగ్గర పెద్ద డేటా కేంద్రాలు వస్తున్న మాట నిజం. వాటిని కట్టేటప్పుడు పని ఉంటుంది. కట్టిన తరువాత అంత పెద్ద భవనంలో కొద్దిమందే పని చేస్తారు, కరెంటు మాత్రం చాలా కావాలి. కూలి కోసం బొంబాయి దాకా వలస పోయిన పాలమూరుకు ఆ భవనం కంటే, దివిటిపల్లి ఐటీ టవర్‌లో ఐదు దేశాల పని తీసుకుని కూర్చునే రెండు వందల మంది పిల్లలు ఎక్కువ అవసరం. ఆ పని రావాలంటే డేటా నిలవ ఉండే చోటు కంటే డేటా మీద నమ్మకం ముఖ్యం.

ఆ నమ్మకం గురించి దేశాలు ఒక మాట మీదికి వచ్చాయా అంటే, రాలేదు. పసిఫిక్ తీర దేశాలు పదకొండు కలిసి చేసుకున్న ఒప్పందంలో డేటాను ఆపకూడదన్న కట్టుబాటు ఉంది, దానికి మినహాయింపులూ ఉన్నాయి. 2019లో ఒసాకాలో జరిగిన జీ20 సమావేశంలో జపాన్ ముందుపెట్టిన ప్రకటన మీద మన దేశం సంతకం చేయలేదు. డేటా స్వేచ్ఛా ప్రవాహం గురించి అందరికీ చెప్పిన అమెరికాయే 2023 అక్టోబరులో ప్రపంచ వాణిజ్య సంస్థ చర్చల్లో ఆ డిమాండు నుంచి వెనక్కి తగ్గింది. మనం యూఏఈతో 2022లో చేసుకున్న ఒప్పందంలో డిజిటల్ వాణిజ్యానికి ఒక అధ్యాయం ఉంది, అది సహకారం గురించి ఎక్కువగా, కట్టుబాట్ల గురించి తక్కువగా మాట్లాడుతుంది. ఒసాకాలో సంతకం పెట్టకపోవడం తప్పని నేను అనను. సొంత చట్టం లేకుండా అంతర్జాతీయ మాట ఇవ్వకూడదు. కానీ ఇప్పుడు చట్టం వచ్చింది, 2025 నవంబరులో నిబంధనలు కూడా వచ్చాయి, ఆ కారణం ఇక చెల్లదు.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పింది. ప్రభుత్వం ఆ హక్కులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, జోక్యం ఆ అవసరానికి మించకూడదు అన్నది. ఐరోపా న్యాయస్థానం అమెరికాను అడిగింది దాదాపు ఇదే. అంటే మనల్ని పరాయి కొలతతో కొలుస్తున్నారని అనుకోవలసిన పని లేదు, ఆ కొలత మన రాజ్యాంగంలోనే ఉంది. నిఘా ఆదేశానికి న్యాయమూర్తి అనుమతి, ప్రభుత్వ సంస్థల మినహాయింపుకు హద్దు, బోర్డుకు స్వతంత్రత, ఈ మూడూ మన పౌరుడి కోసం చేస్తే, ఆ తరువాత జర్మన్ కంపెనీ అడిగే నలభై ఒకటో ప్రశ్నకు జవాబు చట్టంలోనే దొరుకుతుంది, మన పిల్లలు రాత్రిళ్లు కూర్చుని రాయనక్కరలేదు. ఇది మానవ హక్కుల వాళ్ల గొడవ, వ్యాపారులకు సంబంధం లేదు అనుకునే వారితో నేను ఏకీభవించను. వాణిజ్య మండళ్లు సుంకాల తగ్గింపు కోసం ఎంత గట్టిగా అడుగుతాయో దీని కోసమూ అంత గట్టిగా అడగాలి.

ఆ అమ్మాయికి పని వచ్చింది, సగం వచ్చింది. బిల్లుల పని ఇచ్చారు. ఖాతాదారుల పేర్లు, ఫిర్యాదులు కనబడే పని మాత్రం జాబితాలో ఉన్న ఇంకొక దేశానికి ఇచ్చారు. పద్నాలుగు మందిని ఇరవై మంది చేద్దామనుకున్నది, ప్రస్తుతానికి పదహారు దగ్గర ఆగింది.

మన చట్టం కింది ముఖ్యమైన బాధ్యతలు 2027 మే నుంచి అమలులోకి వస్తాయి, జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. కాబట్టి విదేశీ పని ఉన్నా లేకున్నా, ఎవరి డేటా మీ దగ్గర ఉంది, ఎందుకు ఉంది, ఎన్నాళ్లు ఉంచుతారు అన్నది ఇవాళే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. చేనేత ఇళ్లలో ఆ చిరునామాల నోటు పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేయండి, పార్సిల్ చేరిన తరువాత అక్కరలేని వివరాలు కొట్టివేయండి. కంపెనీ పేరు తీసేసి ఆ ప్రశ్నావళి నకళ్లు నలభై తెచ్చాను, తలుపు దగ్గరి బల్ల మీద ఉన్నాయి. మేము రాసిన జవాబులు కూడా వెనక జత చేశాను. నలభై ఒకటో ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు ఎవరికైనా తోస్తే, వెళ్లే ముందు నాకు చెప్పండి.